టైనీ హౌస్‌లో ఉంటూ టోర్నడోల నుంచి ప్రాణం కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో అద్దెలు, ఇళ్ళ ధరలు చూసి టైనీ హౌస్ వైపు మొగ్గుతున్న తెలుగువాళ్ళు క్రమంగా పెరుగుతున్నారు. టెక్సాస్, ఓక్లహోమా, కాన్సస్, మిస్సోరి, అలబామా, టెనసీ వంటి రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు వసంతంలో టోర్నడోల (నేలను తాకే భీకరమైన సుడిగాలుల) సీజన్ వచ్చేసరికి ఇవే సందేహాలతో వస్తారు. ప్రతిసారీ విడివిడిగా చెప్పే బదులు అన్నిటినీ ఒకచోట పెట్టాం. దేనికది విడిగా చదువుకోవచ్చు. టైనీ హౌస్ అంటే ఇక్కడ ప్రధానంగా చక్రాల ట్రైలర్ మీద కట్టిన చిన్న ఇల్లు. మొబైల్ హోమ్‌లలో (ఫ్యాక్టరీలో తయారుచేసి తెచ్చి నిలిపే ఇళ్ళలో), ఆర్‌వీలలో (ఇల్లులా వాడుకునే వాహనాల్లో) ఉన్నవారికి కూడా దాదాపు అన్నీ వర్తిస్తాయి.

## కొనే ముందు, స్థలం చూసుకునేటప్పుడు

మా ఇల్లు మామూలు ఇళ్ళకన్నా గట్టిగా కట్టించాం. అయినా టోర్నడోకు ఆగదా?

ఆగదు. మీ వడ్రంగి పనితనం మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. రోడ్డు మీద ప్రత్యేక అనుమతి లేకుండా లాగాలంటే ఇల్లు ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు, పదమూడున్నర అడుగుల ఎత్తు మించకూడదని చాలా రాష్ట్రాల నిబంధన. అంటే ఎత్తు ఎక్కువ, పాదం తక్కువ. పక్క గోడ పొడవుగా గాలికి ఎదురుగా నిలబడుతుంది, కింద పునాది లేదు. బరువు చూస్తే చాలా ఇళ్ళు పది, పదిహేను వేల పౌండ్ల దగ్గరే ఉంటాయి.

గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. గంటకు 70 మైళ్ళ గాలి 100 మైళ్ళయితే ఇంటి మీద పడే ఒత్తిడి రెట్టింపవుతుంది. టోర్నడో బలాన్ని కొలిచే ఈఎఫ్ స్కేలులో 86 నుంచి 110 మైళ్ళ దాకా ఉండే ఈఎఫ్1 బలహీనమైన తరగతి కిందే లెక్క. పునాది ఉన్న ఇంటికి అది పైకప్పు పెంకులు లేపి వదిలేయవచ్చు. మొబైల్ హోమ్‌లను మాత్రం దిమ్మెల మీద నుంచి నెట్టేస్తుంది, బోర్లా పడేస్తుంది. ఈఎఫ్5 అంటే 200 మైళ్ళకు పైన. అంత దూరం ఆలోచించాల్సిన పని మనకు లేదు, ప్రమాదం ఈఎఫ్1 దగ్గరే మొదలైపోయింది.

ఇంటిని నేలకు బిగించే గట్టి యాంకర్లు, ఉక్కు పట్టీలు వేయిస్తే చాలదా?

వేయించండి. మామూలు ఉరుముల గాలివానలో ఇల్లు కదలకుండా, ఒరగకుండా అవి నిజంగా కాపాడతాయి. అంతకుమించి వాటి నుంచి ఆశించకూడదు. పట్టీలు అడుగున ఉన్న ఛాసిస్‌ను నేలకు పట్టి ఉంచినా, గోడలు, పైకప్పు ఊడిపోవడాన్ని ఆపలేవు. గాలిలో ఈటెల్లా వచ్చే చెక్కలను, రేకులను అసలే ఆపలేవు. టోర్నడోలో మనుషులను ఎక్కువగా గాయపరిచేవి ఇవే.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. ఫ్యాక్టరీలో తయారయ్యే మొబైల్ హోమ్‌లకు 1976 జూన్ నుంచి కేంద్ర ప్రభుత్వ నిర్మాణ నియమాలు ఉన్నాయి. 1992లో ఆండ్రూ హరికేన్ ఫ్లోరిడాను ధ్వంసం చేశాక 1994లో గాలి నియమాలను కఠినం చేశారు. అయితే ఆ కఠిన నియమాలు హరికేన్ తీరాలకే. ఓక్లహోమా, కాన్సస్ వంటివి అన్నిటికన్నా తేలికైన మొదటి జోన్‌లోనే ఉన్నాయి. ఇక చక్రాల మీది టైనీ హౌస్‌లు చాలా వరకు ఆర్‌వీ ప్రమాణాల కిందికి వస్తాయి. ఆ ప్రమాణాలు ప్రధానంగా చూసేది మంటలు, గ్యాసు, వైరింగు, నీటి గొట్టాలు. అమ్మకందారు సర్టిఫికెట్ చూపించి భరోసా ఇస్తే, అందులో గాలి గురించి ఏముందో ఒక్కమాట అడగండి.

ఇలాంటి ఇళ్ళు నిలిపే పార్కులో స్థలం అద్దెకు తీసుకుంటున్నాం. యజమానిని ఏమి అడగాలి?

వైఫై వేగం కన్నా ముందు షెల్టర్ (టోర్నడోను తట్టుకునే గది) గురించి అడగండి. షెల్టర్ ఉందా, అందులో పార్కులో అందరూ పడతారా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి రెండింటికి ఎవరు తెరుస్తారు, కుక్కలను రానిస్తారా, మెట్లు దిగలేని పెద్దవాళ్ళ సంగతి ఏమిటి. "ఆఫీసు గది ఉందిగా" అని సమాధానం వస్తే లేచి వెళ్ళి ఆ గది చూడండి. చాలా పార్కుల్లో ఆఫీసు కూడా ఇంకో మొబైల్ హోమే.

మినసోటాలో 1988 మార్చి 1 తర్వాత లైసెన్సు పొందిన, పది అంతకుమించి ఇళ్ళున్న మొబైల్ హోమ్ పార్కులు షెల్టర్ ఏర్పాటు చేసి తీరాలని చట్టం ఉంది. అన్ని రాష్ట్రాల్లో అలాంటి చట్టాలు లేవు. ఒప్పందం మీద సంతకం పెట్టకముందు అడిగితే ఆ ప్రశ్నకు బలం ఉంటుంది, పెట్టాక ఉండదు.

సొంతంగా షెల్టర్ పెట్టించుకోవాలంటే ఎలాంటిది చూడాలి?

ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తు నిర్వహణ సంస్థ) పీ-361 మార్గదర్శకాలకు, ఐసీసీ (నిర్మాణ నియమాలు రాసే సంస్థ) 500 ప్రమాణానికి తగినట్లు తయారైందని రాతపూర్వకంగా చూపించగలిగినదే కొనండి. టోర్నడోలు ఎక్కువగా వచ్చే మధ్య రాష్ట్రాలకు అవి గంటకు 250 మైళ్ళ గాలిని లెక్కలోకి తీసుకుంటాయి. పరీక్షలో పదిహేను పౌండ్ల చెక్క దూలాన్ని గంటకు 100 మైళ్ళ వేగంతో గోడ మీదికి, తలుపు మీదికి పేలుస్తారు. తలుపు మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టండి. గోడలు ఉక్కువైనా తలుపు, గడియ మామూలువైతే ఆ గది వృథా.

చిన్న కుటుంబ షెల్టర్‌లో మనిషికి మూడు చదరపు అడుగులు చాలు, ఉండేది కాసేపే కాబట్టి. దాన్ని ట్రైలర్ లోపల బిగించలేరు, కాంక్రీటు దిమ్మెకు బిగించాలి. అంటే స్థలం మీదై ఉండాలి, లేదా స్థల యజమాని ఒప్పుకోవాలి. నేలలో పాతే రకమైతే వాన నీరు చేరే పల్లంలో పెట్టవద్దు. అమర్చాక దాని ఉనికిని స్థానిక అగ్నిమాపక శాఖకు తెలపండి. తలుపు మీద చెట్టు పడితే వెతికి తీయాల్సింది వాళ్ళే. కేంద్ర విపత్తు నివారణ నిధులతో కొన్ని రాష్ట్రాలు ఖర్చులో కొంత తిరిగి ఇస్తుంటాయి. అలాంటి పథకాల్లో సాధారణంగా ముందు అనుమతి, తర్వాతే నిర్మాణం. చక్రాల మీది ఇంటికి అర్హత ఉంటుందా అన్నది కూడా కొనకముందే కనుక్కోండి.

మేము ఓక్లహోమా, కాన్సస్ వైపు లేము. ఆగ్నేయ రాష్ట్రాల్లో అంత భయం అక్కర్లేదు కదా?

నిజానికి టైనీ హౌస్‌కు ఆగ్నేయమే మరింత ప్రమాదకరం అనాలి. మైదాన ప్రాంతాల్లో మే, జూన్ నెలల్లో, ఎక్కువగా సాయంత్రం వేళ, మైళ్ళ దూరం నుంచే టోర్నడో కనబడుతుంది. అలబామా, మిసిసిపీ, టెనసీ ప్రాంతాల్లో చెట్లు, కొండలు అడ్డు. వాన తెర వెనక దాక్కుని వస్తుంది. శీతకాలంలోనూ వస్తుంది, అర్ధరాత్రి కూడా వస్తుంది. మొబైల్ హోమ్‌లు కూడా అక్కడే ఎక్కువ. 2020 మార్చి 3న టెనసీలోని కుక్‌విల్ ప్రాంతాన్ని తాకినది రాత్రి రెండు గంటల వేళ వచ్చింది. 2021లో కెంటకీలోని మేఫీల్డ్ పట్టణాన్ని నేలమట్టం చేసినది డిసెంబరు 10 రాత్రి. మే నెల దాటింది కదా అని ఊపిరి పీల్చుకునే వీలు అక్కడ లేదు.

## సీజన్ మొదలయ్యే ముందు

చిన్నప్పటి నుంచి తుపాన్లు చూసినవాళ్ళం. దీనికి ఇంత హడావుడి అవసరమా?

తుపాను అనుభవం ఇక్కడ కొంత దారి తప్పిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకింది. అది ఎక్కడికి వస్తుందో, ఎప్పుడు వస్తుందో అంతకు కొన్ని రోజుల ముందు నుంచే చెబుతూ వచ్చారు. బియ్యం, కొవ్వొత్తులు తెచ్చుకోవడానికి, తీరం వదిలి వెళ్ళడానికి వ్యవధి ఉంది. టోర్నడో విషయంలో "ఈ ప్రాంతంలో రావచ్చు" అని కొన్ని గంటల ముందు తెలుస్తుంది. "ఫలానా చోటికి వస్తోంది" అన్నది నిమిషాల ముందు. సగటున పది నిమిషాల అటూ ఇటూ, ఒక్కోసారి అసలు వ్యవధే ఉండదు. అందుకే ఏమి చేయాలో అప్పటికప్పుడు ఆలోచించుకునే పద్ధతి పనికిరాదు.

తేలిక చేసుకోవడానికి ఒక కారణమూ ఉంది. టోర్నడో బాట సాధారణంగా సన్నగా, కొన్ని వందల గజాల వెడల్పులో ఉంటుంది. పక్క వీధి కొట్టుకుపోయినా మీ ఇంటి తులసి కుండీ కదలకపోవచ్చు. పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాం, ఏమీ కాలేదు అనే ధైర్యం అలా వచ్చిందే.

వాచ్ అంటే ఏమిటి, వార్నింగ్ అంటే ఏమిటి?

వాచ్ అంటే టోర్నడో పుట్టడానికి వాతావరణం అనుకూలంగా ఉందని. ఓక్లహోమాలోని నార్మన్‌లో ఉన్న స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ చాలా కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) కలిపి, కొన్ని గంటల పాటు దీన్ని ఇస్తుంది. వార్నింగ్ అంటే టోర్నడో కంటబడిందని, లేదా రాడార్‌లో తిరుగుడు కనబడిందని. దీన్ని మీ ప్రాంత వాతావరణ కార్యాలయం చిన్న పరిధికి, తక్కువ సమయానికి ఇస్తుంది. పునాది ఉన్న ఇంట్లోని మనిషి వార్నింగ్ వచ్చాక బేస్‌మెంట్‌లోకి దిగితే సరిపోతుంది. టైనీ హౌస్‌లో ఉన్న మనిషికి వాచ్ వచ్చిందంటేనే కదలాల్సిన సమయం వచ్చినట్లు.

ఫోనులో అలర్ట్ వస్తుంది కదా, అది చాలదా?

పగలు చాలవచ్చు. రాత్రి ఫోను సైలెంట్‌లో ఉంటుంది, చార్జింగు అయిపోతుంది, ఒక్కోసారి టవరే పడిపోతుంది. సైరన్ల మీద అసలు ఆధారపడవద్దు. అవి ఆరుబయట ఉన్నవారి కోసం పెట్టినవి. రేకుల కప్పు మీద వాన మోగుతుంటే ఇంట్లో నిద్రపోతున్న మనిషికి సైరన్ వినబడదు.

బ్యాటరీతో కూడా నడిచే, ప్రభుత్వ వాతావరణ హెచ్చరికలు వినిపించే నోవా వెదర్ రేడియో ఒకటి కొని మంచం పక్కన పెట్టండి. దానిలో మీ కౌంటీ కోడ్ నింపితే మీ కౌంటీకి హెచ్చరిక వచ్చినప్పుడే మోగుతుంది, పక్క జిల్లాల గోల ఉండదు. దాని విలువ తెలియాలంటే ఇండియానాలోని ఎవాన్స్‌విల్ చూడాలి. 2005 నవంబరు 6న రాత్రి రెండు గంటల వేళ అక్కడ ఒక మొబైల్ హోమ్ పార్కును టోర్నడో తాకింది. ఆ రాత్రి చనిపోయిన 25 మందిలో 20 మంది ఆ ఒక్క పార్కులోనివారే. తర్వాత ఆ రాష్ట్రం కొత్తగా అమర్చే మొబైల్ హోమ్‌లలో వెదర్ రేడియో ఉండాలని చట్టమే చేసింది.

ఇంకొకటి. మీ కౌంటీ పేరేమిటో, చుట్టూ ఉన్న కౌంటీల పేర్లేమిటో నోటికి రావాలి. టీవీలో "కాలిన్ కౌంటీ, డెంటన్ కౌంటీ" అని చదువుతుంటే మనది ఏదో తెలియని తెలుగు కుటుంబాలు డాలస్ చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటారు. వాళ్ళకు ఎలా చెప్పాలి?

వాచ్ వచ్చే అవకాశం ఉన్న రోజున వాళ్ళను ఒంటరిగా వదలకండి, అదే మొదటి సమాధానం. ఉదయమే స్నేహితుల ఇంటికో, గుడికో, లైబ్రరీకో చేర్చండి. హెచ్చరికలు తెలుగులో రావు కాబట్టి ఆ శబ్దాన్ని గుర్తుపట్టడం నేర్పండి. వెదర్ రేడియోలో వారం వారం వచ్చే పరీక్ష సంకేతం వినిపించండి. డాలస్‌లో సైరన్లను నెలలో మొదటి బుధవారం మధ్యాహ్నం, ఓక్లహోమా సిటీలో శనివారం మధ్యాహ్నం పరీక్షిస్తారు. అది పరీక్షే, కంగారు పడవద్దని కూడా ముందే చెప్పాలి. ఎక్కడికి వెళ్ళాలి, ఎవరి తలుపు తట్టాలి, మీ చిరునామా ఏమిటి అన్నవి పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. కింద ఆంగ్లంలో కూడా రాయండి, అవసరమైతే పొరుగువారికి చూపిస్తారు. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు షెల్టర్ మెట్లు దిగగలరో లేదో ఎండగా ఉన్న రోజునే ఒకసారి దింపి చూడండి.

షెల్టర్ ఎంత దూరంలో ఉంటే సరిపోతుంది?

మైళ్ళలో కాక నిమిషాల్లో చూడండి, ఆ నిమిషాలను రాత్రి పూట కొలవండి. పిల్లలను లేపి, చెప్పులు వేసి, బయటకు తెచ్చి, షెల్టర్ తలుపు లోపల నుంచి వేసుకునే దాకా ఎంత పట్టిందో చూడండి. రెండు మూడు నిమిషాల్లో నడిచి చేరగలిగితే వార్నింగ్ వచ్చాక బయలుదేరినా చేరే అవకాశం ఉంది. కారు ఎక్కాల్సిన దూరమైతే వాచ్ సమయానికే వెళ్ళిపోవాలి.

సంచిలో ఏమి పెట్టుకోవాలి?

గట్టి బూట్లు, టార్చి, ఈల, మందులు, ఫోను చార్జరు, నీళ్ళు. పాస్‌పోర్టులు, వీసా కాగితాలు, గ్రీన్‌కార్డు నీళ్ళు చొరని కవరులో. ఇవి పోతే తిరిగి తెచ్చుకోవడం ఇల్లు కట్టుకోవడం కన్నా పెద్ద తలనొప్పి. ఇంకా ఒక్కొక్కరికి ఒక హెల్మెట్. 2011 ఏప్రిల్ 27న అలబామాను కుదిపేసిన టోర్నడోల తర్వాత అక్కడి వైద్య పరిశోధకులు దీన్ని గట్టిగా చెప్పారు. సైకిల్‌ది, క్రికెట్‌ది ఏదైనా ఫరవాలేదు.

## వాచ్ వచ్చినప్పుడు

వాచ్ వచ్చిన ప్రతిసారీ ఇల్లు వదలాలా? మే నెలలో ఇంట్లో ఉండేది ఎప్పుడు?

విసుగు అర్థమవుతుంది, అయినా దగ్గరలో నడిచి చేరే షెల్టర్ లేకపోతే జవాబు అవును. దీన్ని పరుగులా కాక అలవాటులా చేసుకున్నవాళ్ళే నిలబడగలుగుతున్నారు. ఆ రోజు వంట స్నేహితుల ఇంట్లో, పిల్లల చదువు లైబ్రరీలో, ఆఫీసు పని ఆఫీసులోనే. ఏమీ రాకపోతే ఒక పూట బయట గడిపారు, అంతే.

ఏ రోజు బయటికెళ్ళాలో ముందే అంచనా వేయవచ్చు. స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ రోజూ ఐదు మెట్ల ముప్పు పటం ఇస్తుంది, తక్కువ నుంచి ఎక్కువకు: మార్జినల్, స్లైట్, ఎన్‌హాన్స్‌డ్, మోడరేట్, హై. మోడరేట్, హై రోజుల్లో వాచ్ కోసం ఎదురు చూడకుండా మధ్యాహ్నానికే గట్టి భవనంలో ఉండండి. ఎన్‌హాన్స్‌డ్ రోజున ఎక్కడికి వెళ్ళాలో ఉదయమే మాట్లాడి పెట్టుకోండి. కింది రెండు మెట్లలో రేడియో వింటూ ఉంటే చాలు, వాచ్ వస్తే అప్పుడు కదలవచ్చు. రాత్రికి ముప్పు ఉందంటే మాత్రం ఇక బేరాలు లేవు. స్నేహితుల ఇంట్లో పడుకోండి.

ఇల్లు చక్రాల మీదే ఉంది కదా, ట్రక్కుకు తగిలించి తీసుకెళ్ళిపోతే?

వద్దు. తగిలించడానికే చాలా సమయం పడుతుంది. గాలిలో ఎత్తయిన ట్రైలర్ లాగడం మామూలు రోజుల్లోనే ప్రమాదం, ఉరుములు మొదలయ్యాక అయితే బోల్తా కొట్టడమే. పైగా ఏ దిక్కుకు పోవాలో మీకు తెలియదు, టోర్నడో దారి మారవచ్చు. మనుషులు మాత్రమే కదలండి. ఇంటి సంగతి ఇన్సూరెన్సు కంపెనీ చూసుకుంటుంది.

## వార్నింగ్ వచ్చాక

ఇక వెళ్ళే సమయం లేదు. బాత్రూములో దాక్కుంటే?

"లోపలి గదిలో, కింది అంతస్తులో, కిటికీలు లేని చోట" అనే సలహా పునాది ఉన్న ఇళ్ళ కోసం ఇచ్చినది. టైనీ హౌస్‌లో లోపలి గది అనేదే లేదు, ప్రతి గోడా బయటి గోడే. ఇల్లు పొర్లితే బాత్రూము కూడా దానితో పాటే పొర్లుతుంది. నడిచి చేరగల గట్టి కట్టడం ఏదైనా ఉంటే, పొరుగువారి బేస్‌మెంట్ అయినా సరే, అక్కడికి పరుగెత్తండి. సిగ్గుపడే వేళ కాదది.

అదీ లేకపోతే మిగిలినవన్నీ చెడ్డ దారులే, వాటిలో తక్కువ చెడ్డది ఏరుకోవాలి. ఇంటికి, చెట్లకు, కార్లకు దూరంగా నీళ్ళు లేని పల్లం చూసి బోర్లా పడుకుని, తలను, మెడను చేతులతో కప్పుకోండి. హెల్మెట్ ఉంటే పెట్టుకోండి. కాలువలో వరద నీరు వస్తోందేమో గమనించండి. ఇది ప్రణాళిక కాదు. ప్రణాళిక విఫలమైనప్పుడు చేసే పని.

కారులో వేగంగా దూరం వెళ్ళిపోవచ్చు కదా?

టోర్నడో దూరంగా ఉండి, ట్రాఫిక్ లేక, దగ్గరలోనే గట్టి భవనం ఉందని తెలిస్తే ఆ భవనం దాకా వెళ్ళండి. ఊరు దాటి పోదామనుకుంటే 2013 మే 31న ఓక్లహోమాలో ఏమైందో గుర్తుచేసుకోండి. ఎల్ రీనో దగ్గర పుట్టిన ఆ టోర్నడో వెడల్పు ఒక దశలో 2.6 మైళ్ళు. దాని నుంచి తప్పించుకోవాలని ఓక్లహోమా సిటీ జనం రోడ్ల మీదికి రావడంతో హైవేలు స్తంభించాయి. ఆ టోర్నడో పొట్టన పెట్టుకున్నది వాహనాల్లో ఉన్నవారిని. 2015 డిసెంబరు 26 రాత్రి డాలస్ పక్కన గార్లండ్‌లో చనిపోయిన వారిలోనూ ఎక్కువమంది కార్లలో ఉన్నవారే.

కారులో ఉండగానే శకలాలు తాకడం మొదలైతే ఆపండి. సీటు బెల్టు తీయకుండా, తల కిటికీల మట్టం కన్నా కిందికి వంచి, దుప్పటితోనో చేతులతోనో కప్పుకోండి. పక్కనే రోడ్డు కన్నా బాగా పల్లమైన చోటు ఉంటే దిగి అక్కడ పడుకోవచ్చు.

ఓవర్‌పాస్ (రోడ్డు మీదుగా పోయే వంతెన) కింద ఆగితే సురక్షితమని ఒక వీడియో చూశాం. నిజమేనా?

అబద్ధం. 1991లో కాన్సస్‌లో ఒక ఓవర్‌పాస్ కింద దాక్కుని కొందరు బతికి బయటపడిన వీడియో టీవీల్లో తిరిగి ఈ నమ్మకం పుట్టింది. వాళ్ళు అదృష్టవంతులు, అంతే. 1999 మే 3న ఓక్లహోమా టోర్నడోలప్పుడు అలాగే ఓవర్‌పాస్‌ల కింద ఆగినవారిలో ముగ్గురు చనిపోయారు, చాలామందికి ఘోరమైన గాయాలయ్యాయి. ఇరుకు సందులో గాలి జోరు పెరుగుతుంది, శకలాలన్నీ అక్కడే వచ్చి పడతాయి. పైగా ఆగిన కార్లు వెనకవారికి దారి మూసేస్తాయి.

కిటికీలు తెరిస్తే ఇల్లు పేలకుండా ఉంటుందంటారు. నైరుతి మూల మంచిదంటారు. ఏది నమ్మాలి?

రెండూ వద్దు. ఒత్తిడి తేడాతో ఇళ్ళు పేలవు, గాలి, శకలాలు పగలగొడతాయి. కిటికీ తెరవడానికి వెళ్ళడమంటే గాజు పక్కకు వెళ్ళి నిలబడడమే. నైరుతి మూల మాట పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా సైన్యంలో పనిచేసిన ఫిన్లే అనే వాతావరణ పరిశీలకుడి సలహాల నుంచి వచ్చింది, తర్వాతి పరిశీలనల్లో నిలబడలేదు. వాస్తు ప్రకారం నైరుతిలో బరువు ఉండాలి కదా అని కలుపుకోకండి, దానికీ దీనికీ సంబంధం లేదు.

## దాటిపోయాక

తిరిగి ఇంట్లోకి ఎప్పుడు వెళ్ళవచ్చు?

వార్నింగ్ గడువు ముగిశాకే షెల్టర్ వదలండి. ఒక ఉరుముల గాలివాన వెనక ఇంకొకటి రావచ్చు. ఇల్లు నిలబడే ఉన్నా వెంటనే లోపలికి వెళ్ళకండి. ముందు బయట నుంచే ప్రొపేన్ సిలిండరు వాల్వు మూయండి. గ్యాసు వాసన వస్తే లైటు స్విచ్చి కూడా ముట్టుకోవద్దు. దూరంగా వెళ్ళి అగ్నిమాపక శాఖకు ఫోను చేయండి. తెగిన కరెంటు తీగ ఏదైనా సరే కరెంటు ఉన్నట్లే లెక్క. ఇల్లు ఛాసిస్ మీద నుంచి ఏ మాత్రం పక్కకు జరిగినా ఎవరైనా తెలిసినవారు చూసేదాకా ఎక్కకూడదు. మేకులు గుచ్చుకోవడం చాలా సాధారణం, కాబట్టి చెప్పులతో తిరగవద్దు. టెటనస్ సూది ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోండి.

ఇన్సూరెన్సు డబ్బు వస్తుందా?

పాలసీ ఏ రకమన్నదాన్ని బట్టి. చక్రాల మీది ఇల్లు ఆర్‌వీ పాలసీలో ఉంటే గాలి నష్టం కాంప్రిహెన్సివ్ భాగంలో వస్తుంది. లయబిలిటీ (మీ వల్ల ఎదుటివారికి జరిగే నష్టం) మాత్రమే తీసుకుంటే రాదు. మీరే కట్టుకున్న ఇంటికి పాలసీ దొరకడమే కష్టం కాబట్టి స్థలం తీసుకునే ముందే కనుక్కోండి. పాత ధర ఇస్తారా, కొత్తది కొనే ధర ఇస్తారా, లోపలి సామాను కలిసిందా అన్నవి రాతలో అడగండి. ఏటా సీజనుకు ముందు ఇంటి లోపలా బయటా వీడియో తీసి ఆన్‌లైన్‌లో దాచుకుంటే క్లెయిమ్ సగం పని అయినట్లే. నష్టం జరిగాక కూడా ముందు ఫొటోలు, తర్వాతే శుభ్రం చేయడం.

మేము హెచ్-1బీ మీద ఉన్నాం. ఫెమా సాయం అడగవచ్చా?

ఫెమా కుటుంబాలకు ఇచ్చే నగదు సాయానికి పౌరులు, గ్రీన్‌కార్డు ఉన్నవారు, శరణార్థుల వంటి కొన్ని వర్గాలవారే అర్హులు. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి తాత్కాలిక వీసాలవారు తమ పేరున పొందలేరు. అయితే అమెరికాలో పుట్టిన మీ బిడ్డ మీతోనే ఉంటే, పౌరుడైన ఆ బిడ్డ తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేయవచ్చు. బిడ్డ సోషల్ సెక్యూరిటీ నంబరు కావాలి. అత్యవసర షెల్టర్, భోజనం, నీళ్ళు, వైద్య సాయం వంటివాటికి వీసాతో సంబంధం లేదు, రెడ్‌క్రాస్ షెల్టర్‌కు నిస్సంకోచంగా వెళ్ళండి. నగదు సాయం మీ కౌంటీని అమెరికా అధ్యక్షుడి విపత్తు ప్రకటనలో వ్యక్తిగత సాయానికి చేర్చినప్పుడే ఉంటుంది. చిన్న టోర్నడోలకు చాలాసార్లు ఆ ప్రకటన రాదు. అలాంటప్పుడు మీ చేతిలో మిగిలేది ఇన్సూరెన్సు పాలసీయే.